ఇటలీ రోడ్లన్నీ వచ్చు, ఇంటర్ లెక్కలే రావట్లేదు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాది లారీ బాడీలు కట్టే షెడ్డు. మా నాన్న మొదలుపెట్టారు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. వాడైనా ఈ వెల్డింగ్ పొగలోంచి బయటపడాలని చదివిస్తుంటే, రాత్రి పదకొండు దాటినా కంప్యూటర్‌లో లారీ తోలుకుంటూ కూర్చుంటున్నాడు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అట. అందులో ఇటలీ మ్యాప్ విడిగా డబ్బు పెట్టి కొన్నాడు. ఏలూరు వెళ్లే హైవే నంబరు అడిగితే తడుముకుంటాడు గానీ, బొలోన్యా నుంచి ఫ్లోరెన్స్‌కు ఏ రోడ్డో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గోడకు ఆ మ్యాపే అంటించాడు. ఫస్టియర్ లెక్కల మార్కులు అంతంతమాత్రం. ‘ఇలాంటి మ్యాపులు తయారుచేసే ఉద్యోగం చేస్తా’ అంటున్నాడు. అసలు అలాంటి ఉద్యోగం ఉంటుందా? గేమ్ తీసెయ్యమంటారా?

(ఉత్తరం చివర అబ్బాయి కలిపిన లైను: సార్, స్టీరింగ్ సెట్ కొనమని మా నాన్నకు మీరైనా చెప్పండి.)

జవాబు: అయ్యా, ముందు మీ రెండో ప్రశ్న. గేమ్ తీసెయ్యకండి. రాత్రి పదకొండు తర్వాత కంప్యూటర్ మాత్రం తీసెయ్యండి. పరీక్షలు ముందున్నాయి, నిద్ర లేకుండా లెక్కలు ఎవరికీ రావు.

ఇక మొదటి ప్రశ్న. ఆ ఉద్యోగం నిజంగానే ఉంది. ఈ గేమ్ తయారుచేసేది చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్‌లోని ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ. 1997లో మొదలైంది. గేమ్ 2012 అక్టోబర్‌లో వచ్చింది. అప్పటి నుంచి ఒక్కో దేశాన్నీ విడిగా కట్టి అమ్ముతున్నారు. 2016 డిసెంబర్‌లో ఫ్రాన్స్, 2017 డిసెంబర్‌లో ఇటలీ, 2021లో స్పెయిన్, పోర్చుగల్, 2024లో గ్రీస్. పన్నెండేళ్లు దాటిన గేమ్‌కు ఇంకా కొత్త రోడ్లు పడుతున్నాయంటే, రోజూ ఆఫీసుకొచ్చి రోడ్లు వేయడమే పనిగా ఉన్నవాళ్లు అక్కడ ఉన్నారన్నమాట.

ఆ పని ఏమిటో మీకు మీ షెడ్డు భాషలోనే చెబుతాను. మిలాన్ నుంచి నేపుల్స్ దాకా వెళ్లే ఏ1 హైవే నిజంగా దాదాపు 760 కిలోమీటర్లు. గేమ్‌లో యూరప్ మ్యాప్ స్కేలు సుమారు 19కి 1. అంటే ఆ 760 కిలోమీటర్లను 40 కిలోమీటర్లలో ఇరికించాలి. కానీ లారీ చిన్నదవదు. లేను వెడల్పు తగ్గదు, టోల్ బూత్ ఎత్తు తగ్గదు, బోర్డు మీద అక్షరాలూ తగ్గవు. మీరు చాసిస్ ఎంత పొట్టిది తీసుకున్నా డ్రైవర్ సీటు పొట్టి చేయలేరు కదా, అలాగన్నమాట. దూరం ఒక్కటే కుదించాలి, మిగతావన్నీ అసలు కొలతల్లోనే ఉండాలి. అందుకని ఏ ఊరు ఉంచాలి, ఏ ఊరు ఎగరగొట్టాలి, ఏ మలుపు కనబడితే ఇటలీ తెలిసినవాడు ‘ఆ, ఇదే!’ అంటాడు అని తేల్చుకోవడమే అసలు పని. నేపుల్స్ దగ్గర వెసూవియస్ కొండ తీసేస్తే అది నేపుల్స్ కాదు. దాని చుట్టూ ఉన్న పాతిక చిన్న ఊళ్లు తీసేసినా నేపుల్సే. కర్రారా దగ్గర పాలరాతి క్వారీ ఉంచారు, ఎందుకంటే అక్కడ లారీకి సరుకు దొరికేది అదే. సిసిలీకి మెసీనా జలసంధి మీద వంతెన లేదు కాబట్టి విల్లా సాన్ జొవాన్నీలో లారీని ఫెర్రీ ఎక్కించాల్సిందే.

ఇందులో నాకు బాగా నచ్చేది బోర్డుల సంగతి. జర్మనీలో, ఫ్రాన్స్‌లో మోటార్‌వే బోర్డు నీలం. ఇటలీలో మోటార్‌వే బోర్డు ఆకుపచ్చ, నీలం బోర్డులేమో మామూలు రోడ్లవి. బయటి దేశం డ్రైవర్ మొదటిసారి అక్కడ తికమకపడేది ఇక్కడే. ఒక్క రంగు తప్పు పెడితే చాలు, దేశం మారిపోతుంది. మీ అబ్బాయిని ఈ సంగతి అడిగి చూడండి. ‘అవును నాన్నా, ఇంకా ఊళ్లోకి వస్తే తెల్ల బోర్డు ఉంటుంది’ అని తనంతట తనే చెబితే నా మిగతా జవాబు చదవండి. ‘బోర్డులు ఎవడు చూస్తాడు, జీపీఎస్ ఉందిగా’ అంటే, వాడికి ఉన్నది లారీ తోలే సరదా. అదీ తప్పు కాదు, కానీ దాన్ని కెరీర్ అనుకుని మనం ఇంత కంగారు పడక్కర్లేదు.

ఎందుకంటే ఈ గేమ్ ఆడే పిల్లలు నా దగ్గరికి చాలామందే వస్తుంటారు. ఎక్కువమందికి ఇష్టం డ్రైవింగ్ మీద. కొందరికి బండి మీద. రంగులు, హారన్లు, లైట్లు, మన ఆర్టీసీ బస్సు రంగు ఫోన్ గేముల్లోకి ఎక్కించేవాళ్లు ఈ రకం. రోడ్డు మీద కన్నేసేవాడు అరుదుగా దొరుకుతాడు. గోడకు మ్యాప్ అంటించాడని రాశారు చూడండి, మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ ముక్కే.

అయినా గోడ మీద మ్యాప్ చూసి కోర్సు చెప్పలేను. నెల రోజుల పని ఒకటి ఇస్తున్నాను, చేయించండి. ఈ గేమ్‌లోనే మ్యాప్ ఎడిటర్ దాగి ఉంటుంది. కంప్యూటర్ డాక్యుమెంట్స్‌లో ఉండే గేమ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో డెవలపర్, కన్సోల్ అనే రెండు లైన్లలో సున్నాను ఒకటి చేసి, గేమ్‌లో కన్సోల్ తెరిచి ‘ఎడిట్’ అని కొడితే తెరుచుకుంటుంది. వాడికి ఇది ఇప్పటికే తెలిసి ఉండొచ్చు. తెలిస్తే మరీ మంచిది. బెంజి సర్కిల్ నుంచి ఏలూరు దాకా కట్టమనండి. అసలు దూరం సుమారు 60 కిలోమీటర్లు, అదే స్కేల్లో 3 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. ఆ మూడింటిలో గన్నవరం ఎయిర్‌పోర్టు ఉండాలా? హనుమాన్ జంక్షన్లో గుడి ఉంచితే సరిపోతుందా, చుట్టూ ఉన్న టిఫిన్ బళ్లూ కావాలా? కలపర్రు టోల్‌గేట్ దగ్గర ఎన్ని లేన్లు? కుడివైపు చేపల చెరువులు ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక ఆదివారం మీరే బండి మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లండి. ఫోన్లో ఫొటోలు తీయడం కాదు, పుస్తకంలో రాసుకోమనండి. ఏలూరు హైవే నంబరు 16 అని దారిలో వాడికే తెలుస్తుంది.

నెల తర్వాత చిన్న ముక్క అయినా పూర్తయి ఉంటే వాడికి ఇందులో ఓపిక ఉంది. పది చోట్ల మొదలుపెట్టి ఏదీ ముగించకపోతే ఓపిక లేదు. బాగుందా లేదా అన్నది తర్వాత చూద్దాం.

ఓపిక ఉందనుకుందాం. ఇంటర్ తర్వాత దారులు రెండు మూడున్నాయి. డిజైన్ వైపైతే బీడెస్, అంటే డిజైన్‌లో డిగ్రీ. ఐఐటీల్లో బీడెస్‌కు యూసీడ్ పరీక్ష, మన ఐఐటీ హైదరాబాద్‌లో కూడా ఆ కోర్సు ఉంది. ఎన్‌ఐడీలకు, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లకు వేరే పరీక్ష, అమరావతి ప్రాంతంలో మన ఎన్‌ఐడీ ఉంది. రాష్ట్రంలోని బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ), బీడెస్ సీట్లకు ఏడీసెట్ అనే పరీక్ష. యూసీడ్ సాధారణంగా జనవరిలో జరుగుతుంది, అందులో బొమ్మ గీయాల్సిన భాగం ఉంటుంది. బొమ్మ అంటే రవివర్మ చిత్రం కాదు. ఒక వస్తువును, ఒక చోటును కాగితం మీద కొలత తప్పకుండా పెట్టగలగాలి. ఆటోనగర్‌లో పుట్టినవాడికి ఇది రాకపోతే ఆశ్చర్యపోతాను.

రెండోది ఇంజినీరింగే, కానీ సివిల్. పిల్లలందరూ సీఎస్‌ఈ వెంట పడుతుంటే సివిల్ అనగానే ముఖం ముడుచుకునే తల్లిదండ్రుల్ని రోజూ చూస్తున్నాను. రోడ్డు మలుపు ఎంత వంపు ఉండాలి, బోర్డు మలుపుకు ఎంత ముందు కనబడాలి అన్నవి నిజంగా లెక్కగట్టేది హైవే ఇంజినీర్. మన దేశంలో రోడ్డు బోర్డుల రంగు, అక్షరం సైజు అన్నీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 67వ కోడ్‌లో రాసి ఉంటాయి. పైగా ఇక్కడ తప్పుకు రీలోడ్ బటన్ లేదు. ఇటలీలోనే, జెనోవాలో, 2018 ఆగస్టు 14న మొరాండీ వంతెన కూలి 43 మంది పోయారు. వాళ్లలో లారీలు తోలుతున్నవాళ్లూ ఉన్నారు. మీ వాడికి ఆ గేమ్‌లో జెనోవా తెలిసే ఉంటుంది, ఆ వంతెన కథ కూడా చదవమనండి. బీటెక్ తర్వాత ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎంటెక్ చేయాలంటే వరంగల్ ఎన్‌ఐటీ మన పక్కనే ఉంది.

మూడోది మ్యాపుల రంగం. ఉపగ్రహ చిత్రాలు, సర్వే, జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపుల సమాచారం కూర్చే పని). హైదరాబాద్ బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలు చూసే ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నాయి. మ్యాపులు చేసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ సెలవుల్లోనే తెరిచి చూడొచ్చు.

ఈ మూడింటిలో ఏది పట్టినా లెక్కలు తప్పవు. ఇంటర్ లెక్కల్లో డైరెక్షన్ కొసైన్లు అని ఒక పాఠం ఉంటుంది, పిల్లలు బట్టీ పట్టి వదిలేస్తారు. త్రీడీ ఎడిటర్‌లో బోర్డును డ్రైవర్ కంటికి ఎదురుగా తిప్పేటప్పుడు తెర వెనక జరిగేది అదే లెక్క. మాస్టారు చెబితే వినని వాడు బోర్డు వంకరగా నిలబడితే వింటాడేమో చూడండి.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఇలాంటి కుర్రాడినే, వందశాతం ప్లేస్‌మెంట్ అన్న ఒక యానిమేషన్ ఇన్‌స్టిట్యూట్‌కు నేనే వెళ్లమన్నాను. వాళ్ల నాన్న రెండు లక్షల పైన అప్పు చేసి కట్టారు. కోర్సు అయ్యాక దొరికింది నైట్ షిఫ్టులో సినిమా షాట్లలో హీరోయిన్ జుట్టు అంచుల చుట్టూ గీత గీసే పని. రోటో అంటారు దాన్ని. ఆ పని చేసేవాళ్లను తక్కువ చేయడం లేదు, కానీ ఆ అబ్బాయి గేములు చేద్దామని వెళ్లాడు. అప్పటి నుంచి, డిగ్రీ ఇవ్వని చోట లక్షలు కట్టమని ఎవరికీ చెప్పడం మానేశాను. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎస్‌సీఎస్ కంపెనీ తన గేమ్‌కు పనికొచ్చే బ్లెండర్ టూల్సు కూడా ఉచితంగానే ఇస్తోంది. గేమ్‌కు సొంతంగా మ్యాపులు, బళ్లు చేసి పంచిపెట్టే మాడర్లలో కొందరు అదే కంపెనీలో ఉద్యోగులయ్యారు. సర్టిఫికెట్ కంటే, చేసి ముగించిన పని అక్కడ ఎక్కువ మాట్లాడుతుంది.

అలాగని ప్రాగ్ టికెట్టు కొనేసినట్టు కాదు. అలాంటి కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చేసిన పని బయటికి వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. ఇదే కంపెనీ రష్యా మ్యాప్ మీద చాలా దూరం వెళ్లాక, యుద్ధం కారణంగా 2022 మేలో దాన్ని విడుదల చేయడం లేదని ప్రకటించింది. ఆ రోడ్లు వేసినవాళ్ల కడుపు ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి. అందుకే డిగ్రీ ఒకటి చేతిలో ఉండాలంటున్నాను.

మరో మాట. ‘యూరప్‌లో లారీ డ్రైవర్ ఉద్యోగం, నెలకు లక్షలు’ అంటూ ఏజెంట్లు తిరుగుతున్నారు, ఆటోనగర్‌లో మీకు ఎదురయ్యే ఉంటారు. అక్కడ పెద్ద ట్రక్కుకు సీ, సీఈ కేటగిరీ లైసెన్సు, దానిపైన వృత్తి అర్హత ఉండాలి, మన హెవీ లైసెన్సు చూపిస్తే చాలదు. మన దగ్గరే ట్రాన్స్‌పోర్టు బండికి 20 ఏళ్లు నిండాలి. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడకుండా పైసా ఇవ్వకండి.

బాబూ, చివరిది నీకు. స్టీరింగ్ సెట్ ఇప్పుడు వద్దు. నువ్వు చేస్తానంటున్న పనికి స్టీరింగ్‌తో అవసరమే లేదు. బ్లెండర్‌లో చూపు తిప్పడానికి మౌస్ మధ్య చక్రం నొక్కాలి, ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో అవస్థ. చక్రం సరిగ్గా నొక్కుకునే మౌస్ ఒకటి నాన్నను అడుగు. ఐదారొందల్లో వస్తుంది. హనుమాన్ జంక్షన్ పూర్తయ్యాక ఫొటో పంపు, స్టీరింగ్ గురించి అప్పుడు నాన్నతో నేనే మాట్లాడతాను.