అమ్మలూ, ఎంటర్ కొట్టే ముందు ఆ జాబితా చదువు

అమ్మలూ,

మధురవాడలో రూమ్ దొరికిందని, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కాకపోతే ఏం కావాలన్నా నెట్‌లో దొరికిన కమాండ్ కాపీ కొట్టి కమాండ్లు టైప్ చేసే ఆ టెర్మినల్‌లో పేస్ట్ చేసేస్తున్నావట. అందుకే ఈ ఉత్తరం.

ఉబుంటులో సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీలు అనే మూటలుగా ఎక్కించేదీ, తీసేసేదీ ఆప్ట్ అనే ప్రోగ్రామ్. ముందు ‘సుడో’ అని పెడితే కమాండ్ అడ్మిన్ అధికారంతో నడుస్తుంది. ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొడితే నీ మెషీన్‌లో ఏ సాఫ్ట్‌వేరూ మారదు. ఏ ప్యాకేజీకి ఏ వెర్షన్ ఉందో చెప్పే పట్టిక తాజాగా వస్తుంది, అంతే. కొత్త వెర్షన్లు ఎక్కించేది ‘అప్‌గ్రేడ్’. ఇన్‌స్టాల్ మధ్యలో 404, అంటే ఫైల్ దొరకలేదు అని ఎర్రర్ వస్తే చాలాసార్లు ఆ పట్టిక పాతబడి ఉంటుంది. అప్‌డేట్ కొట్టి మళ్లీ చూడు.

ఇక అసలు సంగతి. నువ్వు అడిగినదానితో పాటు వేరే ప్యాకేజీలను కూడా కదపాల్సి వస్తే ఆప్ట్ ఆగి, ఒక జాబితా చూపించి, కింద పెద్ద వై, చిన్న ఎన్ పెట్టి అడుగుతుంది. పెద్ద అక్షరంలో ఉన్నదే దాని డీఫాల్ట్. అంటే ఊరికే ఎంటర్ నొక్కినా ‘సరే, కానివ్వు’ అన్నట్టే. కొత్తగా ఎక్కేవి పదో ఇరవయ్యో ఉన్నా టెన్షన్ పడకు. నువ్వు చూడాల్సింది తీసెయ్యబోయే ప్యాకేజీల పేర్లు.

2021లో లైనస్ సెబాస్టియన్ అనే పేరున్న యూట్యూబర్ ఉబుంటు ఆధారంగా చేసిన పాప్ ఓఎస్‌లో, గేములు ఆడుకునే స్టీమ్ అనే యాప్ ఎక్కించబోయాడు. అప్పుడు ప్యాకేజీల మధ్య ఏదో పేచీ వచ్చి, ఆప్ట్ ఏకంగా తెర మీద విండోలు, మెనూలు చూపించే డెస్క్‌టాప్‌నే తీసేస్తానంది. హెచ్చరించింది కూడా. ‘యెస్, డూ యాజ్ ఐ సే!’ అని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేస్తేనే కదులుతానంది. ఆయన టైప్ చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. ఆ పేచీ ఆయన తెచ్చింది కాదులే. కానీ పేర్లన్నీ తెర మీదే ఉన్నాయిగా!

నీకు ఇలాంటిది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష దగ్గర ఎదురవుతుంది. కొత్త వెర్షన్ కావాలని పాత పైథాన్3ని రిమూవ్ చెయ్యాలనిపిస్తుంది. ఉబుంటు తన సొంత పనులకే దాన్ని వాడుకుంటుంది. అది పోతే దాని వెనకే డెస్క్‌టాప్ ప్యాకేజీలూ బయల్దేరతాయి. ఎన్ కొట్టి బయటపడు. ప్రాజెక్టుకి కావాల్సిన లైబ్రరీలను, వెన్వ్ అనే విడి పైథాన్ ఫోల్డర్ పెట్టుకుని, అందులో పిప్ అనే పైథాన్ ఇన్‌స్టాలర్‌తో వేసుకో. సుడో పిప్ జోలికి మాత్రం వెళ్లకు.

అనుమానంగా ఉంటే ఇన్‌స్టాల్‌కైనా రిమూవ్‌కైనా పక్కన హైఫన్ పెట్టి చిన్న ఎస్ తగిలించు. ఏం చేస్తుందో చెబుతుంది గానీ ఏమీ చెయ్యదు. సుడో కూడా అక్కర్లేదు. ఇంత మంచి సదుపాయాన్ని ఎందుకో ఎవరూ వాడరు.

‘రిమూవ్’ ప్రోగ్రామ్‌ని తీసేసి సెట్టింగులను ఈటీసీ ఫోల్డర్‌లో ఉంచేస్తుంది. ఆప్ట్ వెనకాల అసలు పని చేసే ప్రోగ్రామ్ డీపీకేజీ. ‘డీపీకేజీ హైఫన్ చిన్న ఎల్’ కొట్టి చూడు. ఉన్నవాటి పక్కన ఐఐ అని, ఇలా సగం పోయినవాటి పక్కన ఆర్‌సీ అని ఉంటుంది. ‘పర్జ్’ ఆ సెట్టింగులనూ ఊడ్చేస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సర్వర్‌ని పర్జ్ చేసేటప్పుడు డేటాబేస్‌లు కూడా తీసెయ్యాలా అని అడగవచ్చు, అక్కడ మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని చదువు. అంతకంటే ముందే బ్యాకప్ తీసి పెట్టుకో. ఇక అవసరం లేని ప్యాకేజీలను తీసేసే ‘ఆటోరిమూవ్’ మంచిదే, దాని జాబితానూ ఒకసారి చూడు.

ఒకేసారి ఇద్దరు ప్యాకేజీలను కదపకుండా ఆప్ట్ ఒక లాక్ వేసుకుంటుంది. ఆ లాక్ దొరకలేదని ఎర్రర్ వస్తే లాక్ ఫైల్ డిలీట్ చెయ్యమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకు. చాలాసార్లు వెనకాల ఉబుంటు తన అప్‌డేట్లు తానే వేసుకుంటూ ఉంటుంది. కాసేపు ఆగు, అదే వదులుతుంది.

మన వైజాగ్‌లో గాలివాన వస్తే కరెంటు సంగతి నీకు తెలుసుగా. ఇన్‌స్టాల్ మధ్యలో బ్యాటరీ అయిపోయి మెషీన్ ఆగిపోతే ఉబుంటు మళ్లీ మొదటి నుంచి వేసుకోకు. ‘సుడో డీపీకేజీ’ తర్వాత రెండు హైఫన్లు పెట్టి కన్ఫిగర్, ఆపైన హైఫన్, చిన్న ఏ. సగంలో ఆగినవాటిని అది పూర్తి చేస్తుంది. ఇంకా మొరాయిస్తే ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ పక్కన హైఫన్, చిన్న ఎఫ్.

అప్పటికీ కాకపోతే ఫోన్ చెయ్యి. ముందు వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో ఆప్ట్, అందులో హిస్టరీ డాట్ లాగ్ అనే ఫైల్ తెరువు. ఏ రోజు ఏ టైముకి ఏ కమాండ్ కొట్టావో, ఏం వచ్చాయో, ఏం పోయాయో అన్నీ అందులో ఉంటాయి. చివరి ముక్క కాపీ చేసి వాట్సాప్‌లో పంపు. స్క్రీన్‌కి ఫోటో తీసి పంపకు, నా కళ్లద్దాలకి ఆ అక్షరాలు ఆనవు.

మామయ్య