సుధకు మామయ్య: గేర్‌బాక్స్ విప్పించే ముందు

అమ్మా సుధా,

2008 హోండా ఒడిస్సీ వ్యాను గేర్‌బాక్స్ జారుతోందనీ, కొత్త బండి అప్పు నెత్తికెత్తుకోకుండా దాన్నే బాగుచేయించాలని నువ్వే షాపులు తిరుగుతున్నావనీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది తల్లీ. భయం కూడా వేసింది. 1,86,000 మైళ్ళు తిరిగిన బండి, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. ఇది తేలేదాకా డాలస్ నుంచి హ్యూస్టన్‌కి ఐ-45 హైవే ఎక్కకు. లారీల మధ్య గేరు జారి వేగం పడిపోతే పక్కకి తీయడానికి చోటుండదు. ఈ ఒక్క మాట మాత్రం విను.

ముందు రోగమేమిటో తేల్చుకో. బండి కంప్యూటర్‌లో పడ్డ లోపాల కోడ్లు చదివించి కాగితం తీసుకో. గేర్‌బాక్స్ ఆయిల్ నువ్వే చూడు: హోండాలో ఇంజన్ బాగా వేడెక్కాక ఆపేసి, ఒకటిన్నర నిమిషంలోపు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీయాలి. ఇంజన్ నడుస్తుండగా చూస్తే లెక్క తప్పుతుంది. రంగు ముదిరితే కంగారు పడకు. మాడు వాసన వస్తే లోపల క్లచ్ పలకలు కాలినట్టే. డ్రెయిన్ బోల్టు కొసన అయస్కాంతం ఉంటుంది. దానికి పట్టిన బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే. వేళ్ళ మధ్య నలిపినప్పుడు గుచ్చుకునే రేకులుంటే మాత్రం బాక్స్ విప్పక తప్పదు.

రేకులూ మాడు వాసనా లేకపోతే తొందరపడకు. ఈ బండ్లలో మూడో, నాలుగో గేరు క్లచ్‌ల ప్రెజర్ స్విచ్‌లు (ఆయిల్ ఒత్తిడి కనిపెట్టేవి) పాడై గేరు మారేటప్పుడు బండి కుదుపుతుంది. అవి బయటినుంచే మార్చే చిన్న సామాను. 40 మైళ్ళ వేగంలో గతుకుల మీద పోతున్నట్టు వణికితే హోండా వాళ్ళ డీడబ్ల్యూ-1 గేర్‌బాక్స్ ఆయిల్ మూడుసార్లు మార్పించు, మధ్యమధ్య అన్ని గేర్లలో నడుపుతూ. ఒక్కసారి తీస్తే సగం కూడా రాదు, సుమారు మూడుంబావు క్వార్ట్‌లే (మూడు లీటర్లే) వస్తుంది.

బాక్స్ పోయిందని తేలిందనుకో. అప్పుడు అసలు సంగతి ఇది, దీన్ని మాత్రం రెండుసార్లు చదువు. మీ నాన్న పాత వ్యానుకి రీబిల్డ్ చేసిన (షాపులో విప్పి అరిగినవి మార్చి బిగించిన) బాక్స్ వేయించాడు. బాక్స్ బాగానే చేశారు. రేడియేటర్ అడుగున ఉండే ఆయిల్ కూలర్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పాత బాక్స్ చచ్చేటప్పుడు రాల్చిన లోహపు రజను ఆ సన్నటి దారుల్లో ఇరుక్కుని ఉంది. వేడి ఆయిల్ ప్రవహించేకొద్దీ అది కొంచెం కొంచెంగా ఊడి కొత్త బాక్స్‌లోకి వచ్చింది. అంత సన్నటి రజనుని లోపలి జల్లెడ ఆపలేదు. అది సోలినాయిడ్ వాల్వ్‌లో (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసేది) చిక్కుకుంటే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, ఒత్తిడి చాలక క్లచ్ జారుతుంది, జారిన క్లచ్ కాలుతుంది. నాలుగు నెలలకే బండి వానలో హైవే పక్కన ఆగిపోయింది. నువ్వు అమ్మ ఒళ్ళో నిద్రపోతున్నావు, ఆరేళ్ళు నీకప్పుడు. కూలర్ శుభ్రం చేయించిన రసీదు చూపించమని వారంటీ వాళ్ళు అడిగారు. అది లేదు. మూడు వేల డాలర్లు పోయాయి.

కడిగిస్తే చాలదా అంటావు. నీ రేడియేటర్ వయసెంతో చూసుకో. కూలర్ లోపల చీలితే కూలెంట్ ఆయిల్లో కలిసి గులాబీరంగు పాలలా అవుతుంది, క్లచ్ పలకల పూత ఊడిపోతుంది. కాబట్టి రేడియేటరే కొత్తది వేయించు, పైపులు కడిగించు, రసీదు మీద ఆ రెండూ రాయించు. ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ని కడిగి లాభం లేదు. అది వెల్డింగ్ చేసిన డబ్బా, కోస్తే తప్ప శుభ్రపడదు. దాన్ని మార్పించు.

ఇక నీకు వాళ్ళు చెప్పిన ధరలు. పాత బండిలోంచి తీసిన బాక్స్ 2,200 డాలర్లు, రీబిల్డ్ 3,500, రీమాన్యుఫాక్చర్డ్ (ఫ్యాక్టరీలో మళ్ళీ తయారుచేసింది) 4,700. పాతది వద్దు. అదీ నీ దాని వయసుదే, పైగా మళ్ళీ పాడైతే విప్పి బిగించే కూలీ ఎక్కువగా నీ మీదే పడుతుంది. రీబిల్డ్ మంచిదే, చేసే చెయ్యి మంచిదైతే. నీ బండి తరం హోండా బాక్స్‌లో మిగతా చాలా కార్లలోలా ప్లానెటరీ గేర్లు (ఒక గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్లు) ఉండవు, వరస షాఫ్ట్‌ల మీద గేర్లుంటాయి. అందుకే రోజూ హోండాలు విప్పేవాడే కావాలి. పలకలు, సీళ్ళు, బేరింగులు, సోలినాయిడ్లు, కన్వర్టర్ అన్నీ కలిపేనా అని అడిగి రాయించుకో. అలాంటివాడు దొరకకపోతే రీమాన్యుఫాక్చర్డే వేయించు. మూడేళ్ళ వారంటీలో కూలీ కూడా కలిసేలా ఉంటేనే ఆ ధరకి ఒప్పుకో.

కానీ 4,700 పెట్టేముందు ఇంజన్ చూపించు. టైమింగ్ బెల్ట్ 1,05,000 మైళ్ళ దగ్గర మార్చిన రసీదుందా? వెయ్యి మైళ్ళకి క్వార్ట్ ఇంజన్ ఆయిల్ తాగుతోందా? ఆ రెండింటిలో ఏది తేడాగా ఉన్నా నాకు ఫోన్ చెయ్యి, డబ్బులు కట్టకు. అల్లుడు గారితో కూర్చుని మాట్లాడు, ఒక్కదానివే మోయకు.

బిగించాక డీడబ్ల్యూ-1 తప్ప వేరే ఆయిల్ పోయనివ్వకు. వెయ్యి మైళ్ళు తిరిగాక ఒక్కసారి డ్రెయిన్ చేయించి, ఆ బోల్టు అయస్కాంతం తుడవకుండా ఫోటో తీసి పంపు. అది చూశాక చెప్తాను, హ్యూస్టన్‌కి ఎప్పుడు బయల్దేరాలో.

మామయ్య