ఆకుపచ్చ ప్లేటు అంటే కరెంటు కారేనా?

ప్రశ్న: ఈ వేసవిలో పారిస్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లి వచ్చాను. అక్కడ కార్లకు ఎక్కువగా తెల్ల నంబరు ప్లేట్లే ఉన్నాయి కానీ, అక్కడక్కడ ఆకుపచ్చవి, ఎర్రవి, నల్లవి, గులాబీ రంగువి కూడా చూశాను. ఆకుపచ్చవి మన దగ్గరలాగే కరెంటు కార్లవేనా? మా అల్లుడు కొనాలనుకుంటున్న పాత కారు ప్లేటు చివర 75 అని ఉంది. అది పారిస్ బండేనా? - ఒక పాఠకురాలు, యానాం

జవాబు: ఆకుపచ్చకు అక్కడ కరెంటుతో సంబంధం లేదండీ. అవి విదేశీ దౌత్య కార్యాలయాల బండ్లు. నేను పదకొండేళ్లు పారిస్‌లో ఉద్యోగం చేశాను. 16వ వార్డులోని మన రాయబార కార్యాలయానికి వెళ్లినప్పుడల్లా చుట్టుపక్కల వీధుల్లో అవి కనిపించేవి. నారింజ రంగు అక్షరాల్లో ‘సీడీ’ అని ఉంటే దౌత్యవేత్తది, ‘సీఎండీ’ అయితే రాయబారిది, తెల్ల అక్షరాల్లో ‘సీ’ ఉంటే కాన్సులేటుది. కరెంటు కారుకు ప్లేటు తెల్లగానే ఉంటుంది, అద్దం మీద అతికించే కాలుష్య స్టిక్కరు మాత్రం ఆకుపచ్చది. టాక్సీలకూ తెల్ల ప్లేటే. వాటిని పైన ఉండే దీపాన్ని బట్టి గుర్తుపట్టాలి.

ఎర్ర ప్లేటు కొద్దికాలం ఉండి వెళ్లేవారు పన్ను లేకుండా తీసుకున్న బండిది. గడువు ముగిసే నెల, సంవత్సరం కుడివైపు రాసి ఉంటాయి. గులాబీ ప్లేటు 2026 జనవరి 1న వచ్చింది. ఇంకా శాశ్వత నంబరు రాని బండ్లకు, గ్యారేజీ వాళ్లు నడిపి చూసే బండ్లకు ఇస్తారు.

నల్ల ప్లేటంటే నాకు ప్రాణం. మా కింది ఇంటి పెద్దాయనకు ఒక పాత సిట్రోయెన్ ‘డ్యూ షవో’ ఉండేది. నల్ల రేకు మీద వెండి అక్షరాలు, ఆదివారం వస్తే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవారు. ముప్పై ఏళ్లు దాటి, పాతకాలపు బండిగా నమోదైతే ఇప్పటికీ నల్ల ప్లేటు పెట్టుకోవచ్చు.

ఇక 75. మన పీవై 04 చూస్తే యానాం బండి అని చెప్పేస్తాం. ఫ్రాన్సులోనూ 1950 నుంచి అలాగే నంబరు చివర జిల్లా అంకె ఉండేది, జిల్లా మారితే నంబరూ మారేది. 2009లో బండి ఉన్నంతకాలం ఒకే నంబరు అనే పద్ధతి తెచ్చి, జిల్లా అంకెను ఐచ్ఛికం చేద్దామనుకున్నారు. ‘మా జిల్లా లేకుండా ఒప్పుకోం’ అంటూ పార్లమెంటు సభ్యులే ఉద్యమించారు. వారు అడిగింది న్యాయమేనని నా అభిప్రాయం. చివరికి కుడివైపు నీలిపట్టీలో జిల్లా అంకె, దాని ప్రాంతం గుర్తు తప్పనిసరి అయ్యాయి. ఏ జిల్లా అన్నది మాత్రం యజమాని ఇష్టం. నా సహోద్యోగిని ఒకావిడ పుట్టి పెరిగిందంతా పారిస్‌లోనే. కారు మీద మాత్రం అమ్మమ్మగారి కోర్సికా దీవి 2ఏ, తలకట్టు కట్టిన నల్లని తల బొమ్మ వేయించుకుంది. అడిగితే అమ్మమ్మ ఊరి గురించి గంటసేపు చెప్పేది.

కాబట్టి 75ను బట్టి ఆ కారు ఎక్కడ తిరిగిందో చెప్పలేం. ఫ్రెంచి ప్రభుత్వానిదే ‘ఇస్తోవెక్’ అనే ఉచిత వెబ్‌సైటు ఉంది. యజమానులు ఎన్నిసార్లు మారారో, పెద్ద ప్రమాదాలు నమోదయ్యాయో లేదో అందులో ఉంటుంది. ఆ నివేదికను అమ్మేవారే తీసి ఇవ్వాలి. బేరం మొదలుపెట్టే ముందే దాన్ని అడగమని మీ అల్లుడికి చెప్పండి.