ప్రతి వ్యాసానికీ దాని గుర్తింపు

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాససంకలనం ప్రూఫులు అందాయి. డెల్టా కాలువల మీద నీ వ్యాసం బాగుంది. అయితే పేజీ అందం చెడుతోందని పాదసూచికల్లోని డీఓఐలన్నీ, అంటే రచనలకు ఇచ్చే శాశ్వత గుర్తింపులన్నీ, తీసేశానని నువ్వు రాసింది చదివి ఊరుకోలేకపోయాను.

డీఓఐలో 10తో మొదలయ్యే ముందు భాగం నమోదు చేసిన సంస్థకు కేటాయించినది, ఏటవాలు గీత తర్వాతి భాగం ఆ సంస్థ పెట్టుకున్నది. పుస్తకం మరో ప్రచురణకర్త చేతికి వెళ్లినా, వెబ్‌సైటు మారినా ఆ గుర్తింపు మారదు. 2000లో మొదలైన క్రాస్‌రెఫ్ వంటి నమోదు సంస్థ దగ్గర కొత్త చిరునామాను సరిదిద్దితే చాలు, పాత పాదసూచిక కూడా పాఠకుణ్ణి సరైన చోటికే చేరుస్తుంది. సరిదిద్దే నాథుడు లేకపోతే మాత్రం అదీ పనిచేయని లింకే అవుతుంది. నువ్వు తీసేసినవి అలంకారాలు కావు, ఆధారాలకు చేరే దారులు.

సంకలనంలో ప్రతి వ్యాసానికీ విడిగా డీఓఐ ఉండి తీరాలన్నది నా గట్టి నమ్మకం. నా తొలి రోజుల్లో ఒక సంకలనంలో నా వ్యాసం వచ్చింది. పుస్తకం మొత్తానికి ఐఎస్‌బీఎన్ అనే ఒక గుర్తింపు సంఖ్య తప్ప లోపలి రచనలకు వేరే గుర్తింపేమీ లేదు. తర్వాత దాన్ని ఉదహరించినవారు సంపాదకుడి పేరే వేశారు. అడిగితే, "పుస్తకం నాదే కదా" అన్నాడాయన. ఆ మాట నేటికీ మరచిపోలేదు. సంపాదకుడి పేరు అట్ట మీద ఉంటుంది గనుక ఆయనకు నష్టం లేదు, వ్యాసం రాసినవాడే కనుమరుగవుతాడు.

నీ పుస్తకంలోనూ ఒకే రచయిత్రి పేరు విషయసూచికలో ఇంటిపేరు పొడి అక్షరంతోనూ, వ్యాసం కింద ఇంటిపేరు పూర్తిగా చివరన చేరీ కనబడుతోంది. ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లేసరికి ఆమె ఇద్దరు మనుషులవుతుంది. 2012 నుంచి అందుబాటులో ఉన్న ఆర్కిడ్ ఒక్కో రచయితకూ ఇచ్చే 16 స్థానాల గుర్తింపు, వ్యక్తులకు ఉచితం. రచయితలందరి చేతా తీయించి డీఓఐ నమోదు వివరాల్లో చేర్పించు.

టైటిల్ వెనక పేజీలో అచ్చుపుస్తకానికీ ఈ-బుక్‌కూ ఒకే ఐఎస్‌బీఎన్ వేశారు, అది తప్పు. ప్రతి రూపానికీ వేరే సంఖ్య ఉండాలి. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది గనుక పొదుపు చేయవలసిన అవసరమే లేదు.

క్రాస్‌రెఫ్ సభ్యత్వానికి ఏటా రుసుము, ప్రతి నమోదుకూ కొంత ఖర్చు ఉంటాయి. చిన్న ప్రచురణకర్త ఆ భారం మోయలేనంటే స్పాన్సర్ సంస్థ ద్వారా చేరవచ్చని చెప్పు. నమోదైన వివరాలను ముందుముందు ఎవరు సరిదిద్దుతారో ఒప్పందంలోనే రాయించుకో, నోటిమాటగా వదిలేయకు.

శుభాకాంక్షలతో.