పిల్లి దగ్గర మొదలుపెట్టు

విజయనగరం

అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

ఆదివారం నీ ఫ్రెండుకి 'ది లాంగ్ గుడ్‌బై' చూపిస్తున్నానని రాశావు. డిటెక్టివ్ సినిమా అంటే ఆఖర్న ట్విస్టు పడాల్సిందే, లేకపోతే టైమ్ దండగ అనే రకం వాడు. సినిమా పిచ్చోడే కాబట్టి చూడటానికి ఢోకా లేదు. చూశాక మాట ఎలా నడపాలన్నదే కదా నీ టెన్షన్.

కథ చెప్పకు గానీ, సినిమా తీరు ముందే చెప్పు. 1973లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దీన్ని తీసినప్పుడు మామూలు డిటెక్టివ్ సినిమాలాగే ప్రచారం చేశారు. జనం పెదవి విరిచారు. తర్వాత కార్టూన్లు వేసే జాక్ డేవిస్‌తో వెటకారంగా కొత్త పోస్టర్ వేయించి మళ్లీ వదిలారు. ఆ రెండో పోస్టర్ పని ఇప్పుడు నీది. "'చంటబ్బాయ్'లో కేసేంట్రా?" అని వాణ్ణి అడిగి చూడు. తల గోక్కుంటాడు. చిరంజీవి వేషాలు మాత్రం వరసపెట్టి చెప్తాడు. 1986లోనే జంధ్యాల మనకి అలవాటు చేసి పెట్టిన సంగతే ఇది. ఇక్కడా కేసు కన్నా మనిషే ముఖ్యం, నవ్వు మాత్రం అంత బాహాటంగా ఉండదు.

సినిమా అవ్వగానే "ఎలా ఉంది?" అని మీద పడకు. ఏడురోడ్ల జంక్షన్ దాకా నడవండి, టీ తాగండి. ఫోన్ తీసి ఎవడో రాసిన రివ్యూ చదివి వినిపించావో, వాడు ఇక నోరు విప్పడు.

"మొదట్లో ఆ పిల్లి సోదేంట్రా" అని వాడు అననే అంటాడు. సమర్థించబోకు. ఆ సీను మళ్లీ గుర్తు చెయ్యి. ఎలియట్ గూల్డ్ వేసిన డిటెక్టివ్ మార్లో అర్ధరాత్రి దాటాక పిల్లి గోలకి లేస్తాడు. అది తినే బ్రాండు షాపులో లేదు. వేరేది కొనుక్కొచ్చి, పిల్లిని వంటింటి బయట పెట్టి తలుపేసి, ఆ తిండిని పాత డబ్బాలోకి ఎక్కించి, దాని కళ్లెదుట అందులోంచే వడ్డిస్తాడు. పిల్లి నమ్మదు, వెళ్లిపోతుంది. ఇప్పుడు అడుగు: "ఈ సినిమాలో ఎవరెవరు ఎవరికి పాత డబ్బాలో కొత్త సరుకు పెట్టారు?" వాడే ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ పోతాడు. నా దృష్టిలో కథంతా ఆ వంటింట్లోనే ఉంది.

మాట ఆగిపోతే పాట పట్టుకో. ఒకే బాణీ సినిమా అంతా తిరుగుతుంది, సూపర్ మార్కెట్లో, చివరికి కాలింగ్ బెల్లులో కూడా. ఎన్ని చోట్ల విన్నాడో చెప్పమను. బట్టల సంగతి కూడా ఉంది. ఈ సినిమాకి మూలమైన రేమండ్ చాండ్లర్ నవల 1953 నాటిది. ఆల్ట్‌మన్ కథని డెబ్బైల్లోకి తెచ్చి, మార్లోని మాత్రం పాత కాలంలోనే వదిలేశాడు. చుట్టూ యోగా చేసే అమ్మాయిలు, మధ్యలో ముదురు రంగు సూటు, టై, నోట్లో సిగరెట్టుతో ఈయన. అగ్గిపుల్ల ఏ గోడ కనబడితే ఆ గోడకి గీస్తాడు.

క్లైమాక్స్ ఆఖర్న మాట్లాడండి. అది నవలలో లేనిది, మార్లో అలా చేస్తాడా అని చాండ్లర్ అభిమానులు గింజుకున్నారు. నా ఓటు ఆల్ట్‌మన్‌కే. నీ ఓటెటో నాకు తెలుసు గానీ, వాడేమంటాడో రాయి.

మీ మావయ్య