అమెరికా తన ప్రపంచవ్యాప్త పలుకుబడిని తెలివిగా వాడుకుంటోందా?

ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు చాలావరకు యుద్ధాల చుట్టూనే తిరుగుతాయి. వియత్నాం, ఇరాక్, అఫ్ఘానిస్తాన్. అవి చిన్న విషయాలని నేననను. కానీ యుద్ధం లేని రోజున కూడా, ప్రతి గంటా పనిచేసే అమెరికా బలం ఒకటుంది. అది న్యూయార్క్ బ్యాంకు ఖాతాల్లో ఉంది. ఆ కోణంలో చూస్తే నా జవాబు సూటిగా ఇదీ: ముడి వేయడంలో, అంటే ఆంక్షలు పెట్టడంలో, అమెరికాను మించినవాడు లేడు. విప్పడం, అంటే వాటిని సడలించడం, ఎత్తేయడం మాత్రం దానికి రాదు. విప్పడం రానివాడు ముడి ఎంత నేర్పుగా వేసినా దాన్ని తెలివి అనలేం.

ముందు ఆ బలం ఎలా పనిచేస్తుందో చూడాలి. రెండు దేశాల వ్యాపారుల మధ్య డాలర్లలో చెల్లింపు జరిగిందంటే, డాలర్లు ఆ రెండు దేశాల మధ్య ప్రయాణం చేసినట్టు కాదు. కొనేవాడి బ్యాంకుకు, అమ్మేవాడి బ్యాంకుకు న్యూయార్క్‌లో ఏదో ఒక పెద్ద బ్యాంకులో ఖాతా ఉంటుంది. దాన్ని కరస్పాండెంట్ ఖాతా అంటారు. ఒక ఖాతాలో తగ్గించి ఇంకో ఖాతాలో కలుపుతారు, అంతే. ఆ రెండు ఖాతాలు వేర్వేరు బ్యాంకుల్లో ఉంటే ఫెడరల్ రిజర్వ్ నడిపే ఫెడ్‌వైర్ ద్వారానో, పెద్ద బ్యాంకులు కలిసి నడుపుకునే చిప్స్ ద్వారానో లెక్క సర్దుతారు. ఎటు తిరిగినా అమెరికా గడప దాటాల్సిందే.

టీవీ చర్చల్లో అందరూ స్విఫ్ట్ గురించే మాట్లాడతారు. స్విఫ్ట్ ఆఫీసు ఉన్నది బెల్జియంలో. అది కబురు మోస్తుంది, డబ్బు మోయదు. స్విఫ్ట్ తెగితే పని నెమ్మదిస్తుంది, ఖర్చు పెరుగుతుంది, కబురు ఇంకో దారిన పంపుకుంటారు. న్యూయార్క్‌లో కరస్పాండెంట్ ఖాతా మూతపడితే మాత్రం డాలర్ వ్యాపారం ఆగిపోతుంది. ఈ తేడా తెలియకుండా గంటల తరబడి చర్చలు పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఆ గడప దగ్గర కాపలా కాసేది అమెరికా ఆర్థిక శాఖలోని ఓఫ్యాక్ అనే విభాగం. ఎవరితో లావాదేవీ చేయకూడదో చెప్పే ఎస్‌డీఎన్ జాబితా దానిదే. జాబితాలో ఉన్న పేరును మాత్రమే చూసుకుంటే సరిపోదు. జాబితాలో ఉన్నవాళ్ల వాటాలన్నీ కలిపి 50 శాతమో అంతకంటే ఎక్కువో ఉన్న ప్రతి సంస్థా, దాని పేరు ఎక్కడా కనిపించకపోయినా, జాబితాలో ఉన్నట్టే లెక్క. పొరపాటున చేశామని బ్యాంకు చెప్పుకున్నా సివిల్ జరిమానా పడొచ్చు. దానికి పరిమితి మూడున్నర లక్షల డాలర్లకు పైబడిన ఒక మొత్తం, లేదా లావాదేవీ విలువకు రెట్టింపు. రెండింటిలో ఏది పెద్దదైతే అది గరిష్ఠం. తెలిసి చేస్తే క్రిమినల్ కేసు, 20 ఏళ్ల దాకా జైలు.

బ్యాంకులకు ఈ భయం ఊరికే రాలేదు. 2014 జూన్‌లో ఫ్రాన్సుకు చెందిన బీఎన్‌పీ పారిబా సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల కేసులో నేరం ఒప్పుకుని దాదాపు 897 కోట్ల డాలర్లు కట్టింది. పైగా కొన్ని విభాగాల్లో ఏడాదిపాటు డాలర్ క్లియరింగ్ చేయకుండా నిషేధం. అది అమెరికా బ్యాంకు కాదు, ఆ ఖాతాదారులూ అమెరికావాళ్లు కాదు. డాలర్ న్యూయార్క్ గుండా పోయింది కాబట్టి కేసు నిలిచింది. చెల్లింపు సందేశాల్లోంచి పేర్లు తీసేసి పంపడం ఆ రోజుల్లో కొన్ని బ్యాంకుల్లో అలవాటుగా ఉండేది. అది తప్పే, శిక్ష పడాల్సిందే. కానీ ఆ శిక్ష చూశాక బ్యాంకులు నేర్చుకున్న పాఠం వేరు: "ఆ దేశం పేరు వినపడితే చాలు, ముట్టుకోవద్దు."

ఇప్పుడు అసలు విషయం. "మందుల మీద ఆంక్షలు లేవు" అని అమెరికా అధికారులు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చట్టం ప్రకారం అది నిజమే. 2000లో చేసిన చట్టం దగ్గర నుంచీ మందులకు, వైద్య పరికరాలకు, ఆహారానికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు కాగితం మీంచి ఆస్పత్రి దాకా ఎలా నడవాలో చూడండి.

ఇరాన్‌లోని దిగుమతిదారు యూరప్ కంపెనీ నుంచి లక్ష డాలర్ల విలువైన క్యాన్సర్ మందు కొనాలనుకుందాం. ఇరాన్ బ్యాంకు ఎల్‌సి (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరుకుకు డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) తెరవాలి. ఆ బ్యాంకు జాబితాలో ఉందా, ఉంటే దాని పేరు పక్కన ఏ ట్యాగ్ ఉంది? కేవలం ఇరాన్ ప్రభుత్వ సంస్థ అన్న ట్యాగ్ ఉంటే మందుల మినహాయింపు వర్తిస్తుంది. ఉగ్రవాద ట్యాగ్ ఉంటే వర్తించదు. అమ్మే కంపెనీ బ్యాంకు పంపిణీదారు, ఆస్పత్రి, ఓడ, బీమా కంపెనీ, రేవు నడిపేవాళ్లు, వీళ్లందరి పేర్లూ, వాళ్ల యజమానుల పేర్లూ అడుగుతుంది. ఒక్కో పేరునూ స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. అది అక్షరాల పోలిక చూస్తుంది. మొహమ్మద్ అన్న పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో తెలిసిందే కదా. ప్రతి రకానికీ ఒక అలర్ట్ మోగుతుంది. మొదటి అంచె ఉద్యోగి తేల్చలేకపోతే రెండో అంచెకు పోతుంది. అక్కడి నుంచి పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ కాపీ, వాటాదారుల పట్టిక కావాలంటూ ప్రశ్నలు వెనక్కి వస్తాయి. జవాబు వచ్చేలోపు ఎల్‌సి గడువు దాటిపోతుంది. గడువు పొడిగించాలంటే మళ్లీ మొదటినుంచి.

డాలర్లలో చెల్లించే దారి 2008 నవంబరులోనే దాదాపు మూసుకుపోయింది. అంతకుముందు ఇరాన్ చెల్లింపులు వేరే దేశాల బ్యాంకుల నుంచి వచ్చి న్యూయార్క్‌లో తిరిగి బయటికి పోవడానికి ఒక అనుమతి ఉండేది, దాన్ని రద్దు చేశారు. పోనీ యూరోల్లో కడదామా అంటే, ఆ యూరప్ బ్యాంకుకూ న్యూయార్క్‌లో ఖాతా ఉంది. దాని గుండె అక్కడే కొట్టుకుంటోంది. ఈ లావాదేవీ మీద దానికి మిగిలే కమిషన్ కొన్ని వందల డాలర్లు. తప్పు జరిగితే పోయేది మొత్తం డాలర్ వ్యాపారం. ఆ లెక్క ఎవరు వేసినా ఒకటే వస్తుంది: "వద్దు."

ఇలా వద్దనడానికి ఏ ప్రభుత్వమూ ఆదేశం ఇవ్వనక్కర్లేదు. అందుకే బాధ్యత ఎవరి మీదా పడదు.

దీని ఫలితం ఎక్కడ తేలిందో చూడండి. ఎపిడెర్మోలిసిస్ బులోసా అని పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది. చర్మం సీతాకోకచిలుక రెక్కలా ఉంటుంది. బట్ట రాసుకుంటే చాలు, బొబ్బ లేచి చిట్లుతుంది. ఆ పిల్లలకు మామూలు గాజుగుడ్డ కడితే గాయానికి అతుక్కుపోతుంది, తీసేటప్పుడు కొత్తగా వచ్చిన చర్మాన్నీ పట్టుకొచ్చేస్తుంది. వాళ్లకు కావలసింది సిలికాన్ పూత ఉన్న మెత్తని ఫోమ్ డ్రెస్సింగ్. అది రసిని పీల్చుకుంటుంది, అంటుకోకుండా ఊడి వస్తుంది. ఇరాన్‌కు ఆ డ్రెస్సింగ్ స్వీడన్ కంపెనీ ఒకటి పంపేది. 2018 మే 8న ట్రంప్ ఇరాన్ అణు ఒప్పందం నుంచి తప్పుకుని ఆంక్షలు తిరిగి తెచ్చాక ఆ కంపెనీ ఇరాన్ వ్యాపారం మొత్తం ఆపేసింది. మినహాయింపు ఉన్న సరుకులు కూడా పంపబోమని ఆ రోగుల సంఘానికి ఉత్తరం రాసింది. 2019 అక్టోబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ ఈ సంగతంతా నివేదికగా బయటపెట్టింది. కట్టు మార్చే ప్రతిసారీ ఆ పిల్లలు పడే నరకం, అణు ఇంధనం మీద ఏ నిర్ణయాన్నీ మార్చలేదు.

2018 అక్టోబరు 3న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం మందులు, ఆహారం, పౌర విమానాల భద్రతకు కావలసిన విడిభాగాలకు అడ్డంకులు తొలగించమని అమెరికాను ఆదేశించింది. చెల్లింపులకు కూడా అడ్డు ఉండకూడదని విడిగా చెప్పింది. జబ్బు ఎక్కడుందో న్యాయమూర్తులకు సరిగ్గా అర్థమైంది. అమెరికా అదే రోజు, ఆ కేసుకు ఆధారమైన 1955 నాటి స్నేహ ఒప్పందం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2019 సెప్టెంబరు 20న ఇరాన్ కేంద్ర బ్యాంకుకు ఉగ్రవాద ట్యాగ్ తగిలించింది. నేను పైన చెప్పిన ఆ ఒక్క ట్యాగ్ తేడా ఇక్కడ మందుల దారినే మూసేసింది. దాన్ని సరిదిద్దే జనరల్ లైసెన్స్, అంటే విడివిడిగా అడగనక్కర్లేకుండా అందరికీ వర్తించే అనుమతి, వచ్చింది 2020 ఫిబ్రవరిలో. ఐదు నెలలు! ఆ లైసెన్సులో ఉన్నవి కొద్ది పేజీలు. ట్యాగ్ వేసిన రోజునే ఇచ్చి ఉండొచ్చు.

తప్పంతా ఒకవైపే ఉందని చెప్పను. మందుల కోసం కేటాయించిన విదేశీ మారకం తన శాఖకు చేరలేదని బయటికి చెప్పినందుకు ఇరాన్ ఆరోగ్య మంత్రి మర్జియే వాహిద్ దస్త్‌జెర్దీని 2012 డిసెంబరులో పదవి నుంచి తీసేశారు. ఆ ప్రభుత్వానికీ ఆ పిల్లల మీద ప్రేమేమీ కారిపోలేదు. అయినా ప్రశ్న అడిగింది అమెరికా తెలివి గురించి.

ఇక "డాలర్ పని అయిపోయింది, ప్రత్యామ్నాయం వచ్చేసింది" అనేవాళ్లు. ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ కలిసి 2019 జనవరిలో ఇన్‌స్టెక్స్ అనే సంస్థను పెట్టాయి, డాలర్‌ను తాకకుండా ఇరాన్‌తో సరుకుకు సరుకు లెక్క సర్దడానికి. మొదటి లావాదేవీకి 14 నెలలు పట్టింది. 2023లో మూసేశారు. మూడు ధనిక దేశాలకే చేతకాలేదంటే ఆ గడప ఎంత గట్టిదో అర్థం చేసుకోవాలి.

విప్పడం రాదన్నాను కదా. సోవియట్ యూనియన్ యూదుల వలసను అడ్డుకుంటోందని 1974లో అమెరికా జాక్సన్-వానిక్ అనే వాణిజ్య ఆంక్ష పెట్టింది. వలసలు తెరుచుకున్నాయి, ఆ తర్వాత ఆ దేశమే మాయమైంది. రష్యా మీద ఆ ఆంక్ష 2012 డిసెంబరు దాకా ఉండిపోయింది. నెల్సన్ మండేలాను, ఆయన పార్టీని అమెరికా ఉగ్రవాద జాబితాల నుంచి తప్పించడానికి 2008 జులైలో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. అప్పటికి ఆయన అధ్యక్షుడిగా పనిచేసి దిగిపోయి తొమ్మిదేళ్లు. 2023 ఫిబ్రవరి 6న సిరియాలో భూకంపం వస్తే, సహాయానికి డబ్బు పంపొచ్చని ఓఫ్యాక్ లైసెన్స్ ఇచ్చింది ఫిబ్రవరి 9న. శిథిలాల కింద ఉన్నవాళ్లకు ఆ మూడు రోజులే అసలైనవి. 2000లో ఓఫ్యాక్ జాబితాల్లో 912 పేర్లుంటే 2021కి 9,421 అయ్యాయని ఆర్థిక శాఖే తన సమీక్షలో రాసుకుంది.

తెలివిగా వాడిన సందర్భం లేదా అంటే ఉంది. 1956లో బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టు మీద దాడి చేసినప్పుడు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఒక్క తూటా పేల్చలేదు. పౌండు పడిపోతుంటే, సైన్యాన్ని వెనక్కి తీసుకుంటామని బ్రిటన్ ఒప్పుకునేదాకా ఐఎమ్ఎఫ్ అప్పు రానివ్వలేదు. కోరిక ఒక్కటే, స్పష్టంగా ఉంది, బ్రిటన్ చేయగలిగింది. చేస్తానన్న వెంటనే, డిసెంబరులోనే, 56.1 కోట్ల డాలర్లు చేతికొచ్చాయి, ఇంకో 73.8 కోట్లు అవసరమైతే తీసుకునేలా పక్కన పెట్టారు. ముడి వేసింది, విప్పింది, అంతా కొద్ది వారాల్లో. 2008లోనూ, 2020 మార్చిలోనూ ఫెడరల్ రిజర్వ్ 14 విదేశీ కేంద్ర బ్యాంకులకు తమ కరెన్సీ తాకట్టు పెట్టి డాలర్లు తీసుకునే వీలు కల్పించింది. దానివల్ల ఎన్ని దేశాల్లో బ్యాంకులు నిలబడ్డాయో ఎవరూ చెప్పుకోరు, జరగని విపత్తుకు వార్త ఉండదు కాబట్టి.

2003లో బుష్ ప్రకటించిన ఎయిడ్స్ సహాయ కార్యక్రమం పెప్ఫార్ కూడా అలాంటిదే. ఐదేళ్లకు 1,500 కోట్ల డాలర్లతో మొదలై, అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం రెండున్నర కోట్ల ప్రాణాలు నిలబెట్టింది. అమెరికా బలాన్ని ఇంతకంటే బాగా వాడిన పని నా దృష్టిలో ఇంకోటి లేదు. 2025 జనవరి 20న విదేశీ సహాయమంతా 90 రోజులు ఆపారు. కొద్ది రోజులకే ప్రాణాధారమైన మందులకు మినహాయింపు ఇచ్చామన్నారు. కానీ చెల్లింపుల వ్యవస్థ కదల్లేదు, క్లినిక్‌లు తాళాలు వేసుకున్నాయి. కాగితం మీద మినహాయింపు, ఖాతాలో శూన్యం. ఇరాన్‌కు ఏం జరిగిందో అదే, ఈసారి సొంత కార్యక్రమానికే.

చేయాల్సింది అంత కష్టమైనదేమీ కాదు. ఆంక్ష విధించిన రోజునే మందులకు, ఆహారానికి జనరల్ లైసెన్స్ ఇవ్వాలి. ఏ బ్యాంకు ద్వారా చెల్లించాలో పేరు పెట్టి చెప్పాలి, ఆ బ్యాంకుకు జరిమానా వేయబోమని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. 2020 జనవరిలో స్విట్జర్లాండ్ ద్వారా సరిగ్గా ఇలాగే చేస్తే, 23 లక్షల యూరోల క్యాన్సర్, అవయవ మార్పిడి మందులు ఇరాన్ చేరాయి. మూడోది, ఆంక్షకు గడువు తేదీ ఉండాలి, పొడిగించాలంటే కాంగ్రెస్‌లో మళ్లీ ఓటు వేయాలి.

ఈసారి ఎవరి మీదైనా కొత్త ఆంక్షల వార్త వస్తే ప్రసంగాలు వదిలేసి ఓఫ్యాక్ వెబ్‌సైట్లో ఆ రోజు ప్రకటన తెరవండి. కేంద్ర బ్యాంకు పేరు పక్కన ఏ ట్యాగ్ ఉందో చూడండి. దాని కింద, అదే తేదీతో, మందులకు జనరల్ లైసెన్స్ ఉందో లేదో చూడండి.