పుస్తెలకు అప్పు అక్కర్లేదు, వడ్డాణానికి అప్పు వద్దు

ప్రశ్న: మాది రాజమండ్రి. మాఘంలో మా అమ్మాయి పెళ్లి. మిగతా ఖర్చులు పోను బంగారానికని రూ.4 లక్షలు దాచాం. నాకు ఆరు కాసుల కాసులపేరు ఉంది. ఒంటిమీద వడ్డాణం లేకుండా పెళ్లికూతుర్ని పీటల మీద కూర్చోబెడితే శుభం కాదని మా ఆడపడుచు పట్టు. బ్యాంకువాళ్లు 14 శాతం వడ్డీకి రూ.6 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. ముందు ఆ శుభం సంగతే తేల్చుకుందాం. పెళ్లిలో మంగళకరమైనవంటే బాసికం, జీలకర్రా బెల్లం, మధుపర్కాలు, పసుపుతాడు, పుస్తెలు, మెట్టెలు, నల్లపూసలు. వీటిలో బంగారం పుస్తెలకూ, నల్లపూసల గొలుసుకే. మెట్టెలు వెండివి. లేనివాళ్లు పసుపుకొమ్ము కట్టి తాళి అనిపించుకున్న పెళ్లిళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! వడ్డాణం అలంకారం. ఉంటే ముచ్చటే, లేకపోతే అశుభమేమీ లేదు.

ఇక లెక్క. రూ.6 లక్షలు అయిదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు రూ.13,960 కట్టాలి. వడ్డీయే రూ.2.38 లక్షలు. 18 శాతం తరుగు, దానిమీద 3 శాతం జీఎస్టీ వేశారనుకోండి, ఆ రూ.6 లక్షల బిల్లులో బంగారం విలువ రూ.4.94 లక్షలే. అంటే కొట్టు మెట్లు దిగేసరికే లక్ష పైచిలుకు పోయింది. ఆ తర్వాత వడ్డాణం బ్యాంకు లాకర్లోకి వెళ్తుంది, దానికి ఏటా అద్దె. ఫొటోల్లో నడుం బోసిగా ఉంటుందన్నదే బాధైతే వన్ గ్రామ్ గోల్డ్ వడ్డాణాలు అద్దెకు దొరుకుతాయి, తెచ్చి పెట్టండి. ఆడపడుచుగారికి చెప్పడమా మానడమా మీ ఇష్టం.

మెడలోకి మీ కాసులపేరు ఉండనే ఉంది. కరిగించి కొత్త మోడల్ చేయించవద్దు. కరిగిస్తే పాత తరుగు పోయినట్టే, కొత్త తరుగు మళ్లీ కట్టాలి. పాత గుండ్లలో లక్క ఉంటే ఆ బరువూ తగ్గుతుంది. అమ్మ మెడలోది కూతురు మెడలో పడటం కన్నా శుభం ఏముంటుంది?

మీ రూ.4 లక్షల్లో ముందు పుస్తెలు, మెట్టెలు. గొలుసుకు తొందర లేదు. చాలా ఇళ్లలో ముహూర్తానికి పుస్తెలు పసుపుతాడుకే కడతారు, పదహారు రోజుల పండుగకు గానీ గొలుసులోకి ఎక్కించరు. చేతిలో మిగిలినదాన్ని బట్టి అప్పుడు తీసుకోవచ్చు.

పుస్తెలు కొనేటప్పుడు ఒక సంగతి. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేస్తూ వచ్చారు గానీ 2 గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు ఉంది. చిన్న పుస్తె సరిగ్గా ఆ సందులోంచి జారిపోతుంది. అందుకని 22 క్యారట్లని బిల్లులో రాయించుకోండి. గొలుసు మీద మాత్రం అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ ఉండి తీరాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. నల్లపూసలు, పగడాల బరువు తీసేసి ఉత్త బంగారం బరువుకే రేటు కట్టించుకోండి. పూసలకు బంగారం ధర ఇచ్చి వచ్చినవాళ్లను చాలామందినే చూశాను.

రూ.2 లక్షలు దాటితే పాన్ అడుగుతారు. ఆ మొత్తం నగదుగా ఇస్తామన్నా కొట్టువాళ్లు తీసుకోకూడదు. బిల్లులు అమ్మాయి పేరునే ఉండనివ్వండి. పుట్టింటివారు పెట్టినది స్త్రీధనం, దానిమీద పూర్తి హక్కు ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కాసులపేరు కూడా ఇచ్చేస్తుంటే తెల్లకాగితం మీద రాసి, మీరూ అమ్మాయీ సంతకాలు పెట్టి, ఫొటో తీసి ఉంచుకోండి. పెళ్లి సందర్భంగా అమ్మాయికి వచ్చిన కానుకల మీద ఆమెకు ఆదాయపు పన్ను పడదు.

ఇంకొకటి, కొట్టుకు వెళ్లేముందు మీ వియ్యపురాలికి ఫోన్ చేయండి. రెండు పుస్తెల్లో ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది అన్నది చాలామందికి ఆనవాయితీ. కొందరిలో రెండూ మగపెళ్లివారే తెస్తారు. మెట్టెలు ఎవరివో కూడా అప్పుడే అడిగేయండి. మాట్లాడుకోక రెండిళ్లవాళ్లూ జతలు చేయించి, ముహూర్తం వేళకు పళ్లెంలో నాలుగు పుస్తెలు తేలిన పెళ్లికి నేను వెళ్లాను.